ఇటుకల కుప్పలో రక్తపింజర: నా అనుభవం

పాము బుస నాకు వినపడింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఇదే, "బుస కొట్టలేదా, నీకేమీ తెలియలేదా?" అని. కొట్టింది. గట్టిగా, ఆగకుండా కొట్టింది. నేను అది వంటింట్లో కుక్కర్ ఆవిరి వదులుతున్న చప్పుడనుకుని ఇంకో ఇటుక కోసం చెయ్యి పెట్టాను. ఆ సాయంత్రం పొయ్యి మీద అసలు కుక్కరే లేదని అత్తయ్య తర్వాత ఆసుపత్రిలో చెప్పారు.

మా ఇంటి వెనక పెరడు పెద్దదే. గోడ మరమ్మతు చేయించినప్పుడు మిగిలిన ఇటుకలు ఒక మూల, దించేసిన పాత పెంకులు ఇంకో మూల, విరిగిన కొమ్మలు, ఎండుటాకులు, నడుం దాకా పెరిగి ఎండిపోయిన గడ్డి, రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. వానలు పడ్డాక గడ్డి పచ్చబడితే ఇక లోపలికి అడుగు పెట్టలేం, ఎండలు ఉండగానే బాగు చేసేయాలని నేనే పట్టుబట్టాను. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో. ఇంట్లో నేను, అత్తయ్య, సెలవులకి వచ్చిన మా అమ్మాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయలేం కదా, అందుకని పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం అయిదు దాటాక చీకటి పడేదాకా అని పెట్టుకున్నాం. మనకి చల్లగా ఉండే ఆ వేళలే పాముకీ చల్లగా ఉండే వేళలు. ఇది నాకు అప్పుడు తట్టలేదు. పాము తన ఒంటి వేడిని తాను తయారు చేసుకోలేదు, బయటి వేడి మీదే ఆధారపడుతుంది. కాబట్టి వేసవిలో ఎండ ముదిరితే ఇటుకల సందుల్లోనో ఆకుల కిందో ఎలక బొరియల్లోనో పడుకుని, పొద్దు వాలాక బయటికి వస్తుంది. మేము సరిగ్గా అది కదిలే వేళకి దాని ఇంట్లో పనికి దిగాం.

రెండో రోజు పెంకుల దగ్గర కుబుసం దొరికింది. చేతికి తీసుకుంటే ఇంకా మెత్తగా ఉంది. అత్తయ్య దాన్ని చూడగానే "ఇది పాతది కాదమ్మా, ఈ మధ్య విడిచిందే, ఇక్కడెక్కడో ఉంది" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు పొలాల మధ్య పెరిగిన మనిషి. ఏ పాముదో మాకు తెలియలేదు. జెర్రిపోతుది అయ్యుంటుందిలే అనుకుని పని సాగించాం. జెర్రిపోతు విషం లేని పాము, ఎలకల్ని తింటుంది, అది పెరట్లో ఉంటే మంచిదే. కానీ ఏ పాముదో తెలియనప్పుడు మనకి ధైర్యం ఇచ్చే పేరు పెట్టేసుకోవడం ఉంది చూశారా, అది పెద్ద తప్పు. నేను చేసిన మొదటి తప్పు అదే.

మూడో రోజు పొద్దున్నే అసలు పాము కనిపించింది. పెరటి కుళాయి కారుతూ ఉండేది, దాని కింద ఎప్పుడూ తడి. మా అమ్మాయి బకెట్ తీయబోయి రెండడుగులు వెనక్కి వేసి "అమ్మా, కదలకు" అంది. కుళాయి గట్టు పక్కన నాగుపాము, పడగ ఎత్తి ఉంది. నాకూ దానికీ మధ్య ఏడెనిమిది అడుగులుంటాయి. అది మా మీదికి రాలేదు. పడగ విప్పి అటూ ఇటూ ఊగుతూ మమ్మల్నే చూస్తూ ఉంది, మేము మెల్లగా వెనక్కి జరిగేసరికి పడగ దించి పెంకుల వైపు పాక్కుంటూ పోయింది. పక్కింటి బాబాయిగారు కర్ర పట్టుకుని గోడ దూకబోతుంటే అత్తయ్య ఆపారు. నాకూ ఆ క్షణంలో చంపేస్తే పోతుందనే అనిపించిన మాట నిజం. అయితే పామును చంపబోతే కాటు పడే ప్రమాదం ఎక్కువని, తల తెగిన పాము కూడా కొంతసేపటి దాకా కరవగలదని అక్కడికి వచ్చిన పాములు పట్టే ఆయన చెప్పాక ఆ ఆలోచన పూర్తిగా మానుకున్నాను. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని చంపడం నేరం కూడా.

ఆయన వచ్చేదాకా మేము చేసిన పని ఒక్కటే, దూరంగా నిలబడి అది ఎటు పోతోందో చూస్తూ ఉండటం. ఇది చాలా అవసరం. అందరం ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంటే ఆయన వచ్చి వెతకాల్సింది పెరడంతా. ఆయన పొడుగాటి కొక్కెం కర్ర, ఒక పైపు, దాని చివర కట్టిన గుడ్డ సంచీ తెచ్చారు. పెంకులు ఒక్కొక్కటీ కొక్కెంతో లాగి, పాము బయటపడ్డాక కొక్కెంతో మెల్లగా దారి మళ్ళిస్తే అది చీకటిగా కనిపించిన పైపులోకి తనంతట తానే వెళ్ళిపోయింది. మెడ పట్టుకోవడాలు, తోక పట్టి ఊపడాలు ఏమీ లేవు. పది నిమిషాల పని.

వెళ్తూ వెళ్తూ ఆయన పెరడంతా ఒకసారి తిరిగి చూశారు. "అమ్మా, మీకున్నది పాముల బాధ కాదు, ఎలకల బాధ. ఎలకలున్నంతకాలం ఇది పోతే ఇంకోటి వస్తుంది" అన్నారు. గోడ వారన నాలుగు బొరియలు చూపించారు. నేను ఫినాయిల్, గంధకం, నాఫ్తలిన్ ఉండలు చల్లితే రావా అని అడిగితే, వాటికి పాములు ఆగవని, మందు చల్లామన్న ధైర్యంతో మనం చూసుకోకుండా తిరుగుతామని అదే ఎక్కువ ప్రమాదమని చెప్పారు. ఇక ఇటుకల కుప్ప దగ్గర ఆగి ఒక మాట అన్నారు, అది ఇప్పటికీ చెవిలో ఉంది. "దీని మీద చెయ్యి పెట్టకండి. కొక్కెంతో పై వరస లాగండి, కిందపడనివ్వండి, ఆగండి, చూడండి, అప్పుడు తీయండి. రోజుకి రెండు వరసలే తీయండి, తొందరేం లేదు."

అయిదో రోజు దాకా అలాగే చేశాను. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాం, చేతులకి మందపాటి తోలు గ్లౌజులు. కొక్కెంతో ఇటుక లాగి, ఆగి, చూసి, అప్పుడు తీయడం. నిజంగానే చాలా నెమ్మదైన పని. ఆరో రోజు సాయంత్రానికి కుప్ప సగం అయింది. అంతదాకా తేలు ఒకటి, జెర్రులు రెండు తప్ప ఏమీ కనిపించలేదు. మబ్బు పట్టింది, వాన వచ్చేలా ఉంది, ఈ పూటతో ఇంకో రెండు వరసలు అయిపోతే బాగుండుననిపించింది. గ్లౌజులతో ఇటుక పట్టు దొరకడం లేదని ఎడమచేతిది తీసేశాను. అప్పుడు ఆ ఆవిరి చప్పుడు వినపడింది. సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలు.

కాటు నాకు కనపడలేదు. అంత వేగం. ఎడమచేతి ఉంగరపు వేలి మీద సూది గుచ్చినట్టు కాదు, కాలుతున్న మేకు దిగినట్టు అనిపించింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాక చూస్తే ఇటుకల సందులో చుట్ట చుట్టుకుని ఉంది, మందంగా, ఎండుటాకు రంగులో, వీపు మీద గొలుసు అల్లినట్టు ముదురు గోధుమరంగు మచ్చలు వరసగా. తల మూడు పలకలుగా, మెడ సన్నగా. ఇంకా బుస కొడుతూనే ఉంది. చూపు దాని మీద నిలిపినా ఆకుల్లో కలిసిపోతోంది, అంతగా కలిసిపోతుంది ఆ రంగు. చాలామంది దీన్ని కొండచిలువ పిల్ల అనుకుని పొరబడతారట. నేను పొరబడలేదు. రక్తపింజర అని చూడగానే తెలిసింది, కాళ్ళు వణికాయి.

తర్వాతి అయిదు నిమిషాల్లో మేము సరిగ్గా చేసినవి, చేయబోయి ఆగినవి విడిగా చెప్పాలి. నేను అరిచాను, అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నన్ను పామునుంచి పది అడుగుల దూరం లాగి గట్టు మీద కూర్చోబెట్టింది. దూరం నుంచే ఫోన్‌తో జూమ్ చేసి ఒక ఫోటో తీసింది, అంతే, దాన్ని పట్టుకోవడానికో చంపడానికో ఎవరూ పోలేదు. తర్వాత అమ్మాయి చేసిన పని వల్లే ఇవాళ నాకు ఆ వేలు ఉంది. "అమ్మా, ముందు ఉంగరం తియ్" అంది. ఉంగరం వచ్చింది. గాజులు తీయబోతే అప్పటికే మణికట్టు దాకా వాపు మొదలైంది, రెండు వచ్చాయి, మూడోదాన్ని గుడ్డ కప్పి పగలగొట్టింది. వాచీ తీసేసింది. కాటు పడ్డ చేతికి ఉంగరాలు, గాజులు, వాచీ ఉంటే వాపు వచ్చాక అవే గొలుసులై రక్తం అందకుండా చేస్తాయి. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ ఉంగరం కోసి తీయాల్సి వచ్చేదని డాక్టరుగారు తర్వాత అన్నారు.

బాబాయిగారు తాడు తెచ్చారు, మోచేతి పైన బిగించి కట్టేద్దామని. ఆయన ఎంత ప్రేమగా, ఎంత కంగారుగా తెచ్చారో నాకు తెలుసు. అమ్మాయి "వద్దు తాతయ్యా, కట్టు కట్టకూడదు" అని చెయ్యి పట్టుకుని ఆపింది. పింజర విషం కాటు చుట్టూ కండను తినేస్తుంది, పైన బిగించి కట్టేస్తే విషమంతా ఒకేచోట నిలిచి ఆ చెయ్యి చెడిపోవచ్చు, పైగా కట్టు విప్పిన క్షణాన నిలిచిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. బ్లేడుతో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, ఆకు పసరు పూయడం ఏవీ చేయకూడదు. పింజర విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది కాబట్టి గాటు పెడితే ఆ రక్తం ఆగదు. మేము చేసింది ఇంతే. పాత వార్తాపత్రికలు దళసరిగా మడిచి చేతి కింద పెట్టి, చున్నీతో వదులుగా కట్టి, చెయ్యి కదలకుండా ఒళ్ళో పెట్టుకుని, నడవకుండా బాబాయిగారి కారు దాకా కుర్చీలో మోయించుకున్నాను. నడిస్తే, పరుగెత్తితే కండలు కదిలి విషం తొందరగా పాకుతుంది.

బయలుదేరేముందు అమ్మాయి నా చేతి మీద పెన్నుతో వాపు ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి పక్కన 6:20 అని రాసింది. ఆ గీత ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ఆసుపత్రికి చేరేసరికి వాపు దాన్ని దాటి నాలుగు వేళ్ళ మేర పైకి పాకింది. డాక్టరుగారు ముందు ఆ గీతనే చూశారు.

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో విషం విరుగుడు మందు, అంటే యాంటీవెనమ్, లేదు. లోపలికి తీసుకెళ్ళారు, బీపీ చూశారు, ఎవరికో ఫోన్లు చేశారు, చివరికి మా దగ్గర లేదు వేరే చోటికి తీసుకెళ్ళండి అన్నారు. అక్కడ పోయింది ఇరవై నిమిషాలు. వాళ్ళ మీద కోపం కంటే నా మీద నాకు ఎక్కువ బాధ కలిగింది, మూడు రోజుల ముందు పెరట్లో నాగుపామును చూసినదాన్ని, యాంటీవెనమ్ ఎక్కడ ఉంటుందో ఒక్క ఫోన్ చేసి కనుక్కుని ఉండాల్సింది. ఇప్పుడు ఆ నంబరు మా ఫ్రిజ్ మీద అతికించి ఉంది. రెండో ఆసుపత్రికి బయలుదేరేముందు అమ్మాయి ఫోన్ చేసి "మందు ఉందా, ఎన్ని సీసాలు ఉన్నాయి" అని అడిగి కనుక్కుంది. కారులో ఉండగానే నా చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. ఉమ్మి ఎర్రగా వస్తోందని చెబితే అమ్మాయికి టెన్షన్ ఎక్కువవుతుందని మింగేశాను. అలా చేయకూడదు, ఏ మార్పు వచ్చినా పక్కవాళ్ళకి చెప్పాలి, డాక్టరుకి అది కావాలి.

ఏడు దాటి అయిదు నిమిషాలకి రెండో ఆసుపత్రి. అక్కడ చేసిన మొదటి పరీక్ష చూసి ఇంత మామూలు పరీక్షా అనుకున్నాను. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి, స్టాండులో పెట్టి, ఇరవై నిమిషాలు ఎవరూ కదపొద్దన్నారు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదట, సబ్బుతో కడిగిన గాజుదీ పనికిరాదట, రెండింటిలోనూ మంచి రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు. ఇరవై నిమిషాలు అయ్యాక నర్సమ్మ గొట్టాన్ని పక్కకి వంచింది. మంచి రక్తమైతే ఈపాటికి గడ్డకట్టి కదలకుండా ఉండాలి. నా రక్తం నీళ్ళలా జారింది. నేను మంచం మీద పడుకుని అది చూశాను. కాటు పడినప్పటి నొప్పి కంటే, చిగుళ్ళ రక్తం కంటే, ఆ గాజు గొట్టంలో జారిన రక్తమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అమ్మాయి ఫోటో చూపించబోతే డాక్టరుగారు చూశారు గానీ, "ఫోటో మంచిదే, కానీ లేకపోయినా వైద్యం ఆగదు" అన్నారు. మన దగ్గర ఎక్కువమందిని చంపేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటికీ కలిపి ఒకటే మందు. కాబట్టి పామును చంపి సంచీలో వేసుకుని రావాల్సిన పని లేదు, దానికోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. లక్షణాలను బట్టే మందు ఇస్తారు. కట్లపామైతే కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు, రాత్రి నిద్రలో కరిచి పోతుంది, తెల్లారి కడుపునొప్పి అని లేస్తారు, కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి ఆడదు. కాటు గుర్తు కనపడలేదు, వాపు లేదు కాబట్టి ఏమీ కాలేదని ఇంట్లో కూర్చోకూడదని ఆయన మా బాబాయిగారికి రెండుసార్లు చెప్పారు.

మందు పొడి రూపంలో చిన్న సీసాల్లో వస్తుంది. మొదటి విడత పది సీసాలు. ఒక్కొక్క దాంట్లో నీళ్ళు ఎక్కించి, గట్టిగా కుదపకుండా, నురగ రాకుండా చేతుల మధ్య మెల్లగా తిప్పుతూ కరిగించాలి. ఇద్దరు నర్సులు కూర్చుని పదీ కరిగించి సెలైన్‌లో కలిపారు, గంటసేపు ఎక్కించారు. చిన్నపిల్లలకైనా పెద్దవాళ్ళకైనా ఇదే మోతాదట, ఎందుకంటే పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు.

ఎక్కించడం మొదలైన పావుగంటకి ఒళ్ళంతా దురద, దద్దుర్లు, వణుకు, గుండె దడ, ఊపిరి బిగపట్టినట్టు. ఇక అయిపోయిందనుకున్నాను. నర్సమ్మ వెంటనే డ్రిప్ ఆపేసింది, డాక్టరుగారు తొడకి ఈ రియాక్షన్‌ని అణిచే అడ్రినలిన్ ఇంజెక్షన్ చేశారు. ఆ సిరంజి నా మంచం పక్కన ముందే నింపి పెట్టి ఉంది, అది అప్పుడు గమనించాను. ఈ మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది కాబట్టి కొందరి ఒంటికి పడదు, అది ఎవరికి పడదో ముందే తెలుసుకునే నమ్మకమైన పరీక్ష లేదు. సిద్ధంగా ఉండటమే. పదిహేను ఇరవై నిమిషాల్లో దురద తగ్గింది. మళ్ళీ అదే మందు మెల్లగా మొదలుపెట్టారు. "పడలేదు కదండీ, మళ్ళీ ఎందుకు?" అని అత్తయ్య ఏడుస్తూ అడిగితే, "ఇది తప్ప ఇంకో మందు లేదమ్మా, రియాక్షన్ మేము చూసుకోగలం, విషాన్ని ఇదే చూసుకోవాలి" అన్నారు డాక్టరుగారు. ఆ మాటతో మాకు ధైర్యం వచ్చింది.

ఆ రాత్రి నిద్ర లేదు. చెయ్యి మోచేతి దాకా ఉబ్బి చర్మం మెరుస్తోంది. వేలి మీద నల్లటి బొబ్బ లేచింది. గంట గంటకీ మూత్రం ఎంత వచ్చిందో కొలిచి రాసుకున్నారు, రంగు చూశారు. రక్తపింజర విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, చాలామంది రక్తస్రావంనుంచి బయటపడి కూడా మూత్రపిండాలు ఆగిపోయి డయాలిసిస్ దాకా వెళ్తారు. ఆరు గంటల తర్వాత, రాత్రి ఒకటిన్నర దాటాక మళ్ళీ గాజు గొట్టం పరీక్ష. ఈసారి అడుగున ఏదో మెత్తగా కట్టింది గానీ వంచగానే విడిపోయింది. ఇంకో పది సీసాలు. ఈసారి రియాక్షన్ రాలేదు. తెల్లారాక ఎనిమిది గంటల ప్రాంతంలో మూడో గొట్టం. నర్సమ్మ దాన్ని వంచింది, రక్తం కదలలేదు. పూర్తిగా తలకిందులు చేసింది, అయినా కదలలేదు. మా అమ్మాయి ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని చూసి అప్పుడు ఏడ్చింది, కాటు పడిన తర్వాత అదే మొదటిసారి తను ఏడవడం.

నాలుగో రోజు ఇంటికి పంపారు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష మూడుసార్లు చేశారు, మామూలుగానే ఉంది. వేలి దగ్గర చచ్చిన చర్మం తీసేశారు, మూడు వారాలు కట్లు. ఇంటికొచ్చాక అయిపోయిందనుకుంటే, మందు ఎక్కించిన తొమ్మిదో రోజు జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, కీళ్ళన్నీ పట్టేసి మంచం దిగలేకపోయాను. విషం మళ్ళీ తిరగబెట్టిందని ఇల్లంతా హడలిపోయింది. అది విషం కాదు, గుర్రపు ప్రోటీన్ మీద మన ఒళ్ళు ఆలస్యంగా తిరగబడటం, వారం పది రోజులకి కొందరికి వస్తుంది. అయిదు రోజులు మాత్రలు ఇచ్చారు, తగ్గింది. యాంటీవెనమ్ ఎక్కించుకున్నవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇది నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ ఒక్క రాత్రి భయం తప్పేది.

మంచం మీద ఉన్న రోజుల్లో ఆ మందు గురించి చదివాను. తమిళనాడులో ఇరుల గిరిజనులకి 1978లో మొదలైన ఒక సహకార సంఘం ఉంది, పాముల పరిశోధకుడు రోములస్ విటేకర్ దాన్ని నిలబెట్టడంలో తోడ్పడ్డారు. ఆ ఇరులవాళ్ళు ఈ నాలుగు రకాల పాములనీ పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్నే కొద్దికొద్దిగా గుర్రాలకి ఇచ్చి, వాటి రక్తంలో తయారైన విరుగుడును వేరు చేస్తారు. నా ఒంట్లోకి వెళ్ళిన ఇరవై సీసాల వెనక ఏదో ఒక గడ్డిలో చేతులు పెట్టి పాముల్ని వెతికిన మనుషులు ఉన్నారని తెలిశాక వాళ్ళకి ఎలా దండం పెట్టాలో తెలియలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పాముకాటుతో ఏటా 81,000 నుంచి 1,38,000 మంది దాకా చనిపోతున్నారు. 2017లో గానీ దాన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో పెట్టలేదు. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది చేలల్లో, పెరళ్ళలో చేతులతో పని చేసుకునేవాళ్ళే కాబట్టి ఇన్నాళ్ళూ పట్టించుకోలేదేమో అని నాకు అనిపించింది.

నన్ను కరిచిన పామును, నేను ఆసుపత్రిలో ఉండగానే, అదే పాములు పట్టే ఆయన వచ్చి తీసుకెళ్ళారు. మూడడుగుల పైనే ఉందట, ఆడది, కడుపుతో ఉందట. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్క కాన్పులో ఇరవై ముప్ఫై పుట్టడం మామూలే. ప్రతి పిల్లా పుట్టిన రోజునుంచే విషంతో ఉంటుంది. ఇంకో రెండు వారాలు ఆ కుప్ప అలాగే ఉండి ఉంటే పెరడంతా ఏమయ్యేదో ఊహించుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

సగం కుప్ప మిగిలే ఉంది. కూలివాళ్ళని పిలిచి తీయించేద్దామని మా ఆయన అన్నారు. నాకు మనసొప్పలేదు. నాకు కాటు పడిన చోట ఇంకొకరి చెయ్యి పెట్టించి నేను గదిలో కూర్చోలేను. రెండు నెలలు పోయాక, వేలు కాస్త మడవడం వచ్చాక, మేమే మొదలుపెట్టాం, ఈసారి పొద్దున ఏడు దాటాక, వెలుగు బాగా వచ్చాక. ముందు ఎలకల బొరియలు తవ్వి కంకర, సిమెంటు పోసి మూశాం. కుళాయి కారడం ఆపించాం. గోడ వారన మూడడుగుల వెడల్పున గడ్డి లేకుండా చదును చేశాం, అక్కడ ఏది పాకినా కనపడాలని. దంతెకి ఆరడుగుల కర్ర బిగించాం. పనికి దిగేముందు పారతో నేలను గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టి అయిదు నిమిషాలు ఆగుతాం. పాము నేల అదురును బాగా పసిగడుతుంది, దారి ఉంటే చాలావరకు పోతుంది. అయితే రక్తపింజర మాత్రం కదలకుండా అక్కడే ఉండిపోయే రకం, కాబట్టి చప్పుడు చేశాం కదా అని చెయ్యి పెట్టడం లేదు. పలకగానీ రేకుగానీ ఎత్తాల్సి వస్తే అవతలి అంచును కొక్కెంతో పట్టి మా వైపుకి లేపుతాం, అప్పుడు కింద ఏదున్నా అవతలి వైపే బయటపడుతుంది, పలక మనకి అడ్డంగా ఉంటుంది. ఇవతలి అంచు పట్టి ఎత్తితే మన కాళ్ళ వైపే దారి తెరిచినట్టు. ఇంత చిన్న సంగతి నాకు నలభై రెండేళ్ళ వయసులో తెలిసింది.

ఒకరు పని చేస్తుంటే ఒకరు చూస్తూ నిలబడాలి, ఇది అత్తయ్య పెట్టిన నియమం. ఆవిడే కుర్చీ వేసుకుని కూర్చుంటారు, నేను ఫోన్ మాట్లాడుతూ కుప్ప దగ్గరికి వెళ్తే అక్కడినుంచే కేకేస్తారు. మొత్తం తీయడానికి పదకొండు రోజులు పట్టింది. చివరి వరస కింద మట్టిలో గుండ్రంగా, పళ్ళెం పెట్టినట్టు నున్నగా అరిగిన చోటు ఒకటి కనిపించింది. అది ఆ పాము పడుకున్న చోటే అయ్యుంటుంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత అమ్మాయి పారతో చదును చేసింది. ఇటుకలన్నీ ఇప్పుడు నేలకి అడుగున్నర ఎత్తులో ఇనప బల్ల మీద పేర్చి ఉన్నాయి, వంగి చూస్తే అవతలి గోడ కనపడుతుంది.